ములుగు అడవుల్లో వన్యప్రాణి పరిశోధన కేంద్రాన్ని నడపాలంటే ముందుగా ఏమేమి తెలిసి ఉండాలి?

జువాలజీలో ఎమ్మెస్సీ పూర్తిచేసి, ఏటూరునాగారం అభయారణ్యం అంచున ఉన్న ఒక పరిశోధన కేంద్రం బాధ్యతలను మే నెలలో స్వీకరించబోతున్నట్లు, అక్కడ అసలు పని ఎలా ఉంటుందో తెలుసుకోవాలనుకుంటున్నట్లు మీరు రాశారు. తాడ్వాయి వైపు అటువంటి కేంద్రాన్నే కొన్నేళ్లపాటు నడిపిన అనుభవంతో ఈ సమాధానం రాస్తున్నాను. జంతువుల గురించి మీరు చదువుకున్నది తప్పకుండా అక్కరకు వస్తుంది గానీ, మీ రోజులో ఎక్కువ భాగం నీళ్లు, బియ్యం, బ్యాటరీలు, మందులు, మనుషుల రాకపోకలు చూసుకోవడంలోనే గడుస్తుంది. దానిని చిన్నపనిగా భావించవద్దని ముందే కోరుతున్నాను. దారి తెగి, ఫోను అందక, కరెంటు లేక పది రోజులు గడిచినా లోపల ఉన్నవారు క్షేమంగా, సేకరించిన సమాచారం భద్రంగా ఉండేలా కేంద్రాన్ని సిద్ధంగా ఉంచడమే నిర్వాహకుడి ఉద్యోగం. మిగిలిన పరిశోధన అంతా దాని మీద ఆధారపడి నడుస్తుంది.

పది రోజులు అన్నది ఊరికే అన్న మాట కాదు. ఈ ప్రాంతంలో ఏడాదిని వాగులే రెండుగా చీలుస్తాయి. 2023 జూలై చివరి వారంలో వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులోనే 649.8 మిల్లీమీటర్ల వాన కురిసింది. ఆ వరదకే జంపన్నవాగు పొంగి కొండాయి గ్రామంలో మనుషుల ప్రాణాలు పోయాయి. మరుసటి ఏడాది ఆగస్టు 31న తాడ్వాయి, మేడారం మధ్య అడవిలో వీచిన పెనుగాలికి వేల చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. అందువల్ల బియ్యం, పప్పు, నూనె, గ్యాసు బండలు, బోరు మోటారు విడిభాగాలు, నీళ్లలో వేసే క్లోరిన్ బిళ్లలు, ఇన్వర్టరు బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటరు జూన్ మొదటి వారానికల్లా లోపలికి చేరిపోవాలి. లోలెవల్ వంతెన పక్కనున్న రాయి మీద నేను ఎర్ర రంగుతో ఒక గీత గీయించాను. నీరు ఆ గీతను తాకిందంటే ఎంత పెద్ద శాస్త్రవేత్త వచ్చి ఎంత తొందరపెట్టినా వాగు దాటేది లేదని అందరికీ చెప్పి ఉంచాను. గీత కళ్ల ముందు ఉంటే వాదనకు తావుండదు. దారికి అడ్డంగా పడిన చెట్లను ఎవరు తొలగించాలో కూడా అటవీ సిబ్బందితో ముందే మాట్లాడుకోండి, ఎందుకంటే అభయారణ్యంలో గొడ్డలి పట్టుకుని తిరగడం పరిశోధకులకైనా తగదు.

వానాకాలంలో సోలార్ పలకల మీద ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు. మబ్బు పట్టిన వారంలో ముందుగా ఫోన్లు, లైట్లు, కెమెరా బ్యాటరీల చార్జింగు చూసుకోవాలి. ఫ్రిజ్‌ది చివరి స్థానం. జంతువుల మలం నమూనాలను ఇథనాల్‌లో గానీ సిలికా జెల్‌లో గానీ భద్రపరిస్తే అసలు ఫ్రిజ్ మీద ఆధారపడే అవసరమే ఉండదు.

ఇక మనుషుల భద్రత విషయానికి వస్తే, కేంద్రంలో అన్నింటికన్నా విలువైన పుస్తకం రాకపోకల రిజిస్టరు. ఎవరు, ఎవరితో, ఏ దారిన వెళ్లారో, ఎన్ని గంటలకు తిరిగి రావాలో అందులో రాయకుండా ఎవరూ గేటు దాటకూడదు. జీపీఎస్ అంకెలతోపాటు ఆ చోటును గూడెంవాళ్లు ఏమని పిలుస్తారో అది కూడా తప్పకుండా రాయించండి, ఎందుకంటే రాత్రివేళ ఎవరినైనా వెతకవలసి వస్తే మీకు తోడు వచ్చేది వాళ్లే, వారికి దారి చూపేది ఆ పేర్లే. చీకటి పడ్డాక అడవిలో నడకను పూర్తిగా నిషేధించాలని నా గట్టి అభిప్రాయం. ఎలుగుబంటి భయం ఒక కారణమే గానీ, అంతకంటే పెద్ద ప్రమాదం కరెంటు తీగలది. అడవిపందుల కోసం, దుప్పుల కోసం వేటగాళ్లు విద్యుత్ లైన్లకు కొక్కేలు తగిలించి, అడుగు ఎత్తున తీగలు పరుస్తారు. అవి చీకట్లో కంటికి కనిపించవు. 2024 ఫిబ్రవరిలో భూపాలపల్లి జిల్లా అడవిలో ఆ తీగ తగిలి మావోయిస్టుల కోసం అడవుల్లో గాలించే ప్రత్యేక పోలీసు దళమైన గ్రేహౌండ్స్‌కు చెందిన ఒక కమాండో మరణించారు. అడవిలో నడవడంలో అంత శిక్షణ ఉన్నవారికే తప్పనిది కొత్తగా వచ్చిన విద్యార్థులకు ఎలా తప్పుతుంది?

పాముల గురించి కొత్తవారికి ఒక పూట కూర్చోబెట్టి చెప్పాలి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది. నేల మీద పడుకున్నవారిని కాటువేసినా చాలాసార్లు నొప్పి తెలియదు, తెల్లవారేసరికి కడుపునొప్పి మొదలై, కనురెప్పలు వాలిపోయి, ఊపిరి అందని స్థితి వస్తుంది. కాబట్టి మంచం, దోమతెర రెండూ తప్పనిసరి, తెర అంచులను పరుపు కిందికి నలువైపులా దోపుకోవాలి. మలేరియా ఉన్న ప్రాంతం కావడం వల్ల ఆ తెర రెండు విధాలుగా కాపాడుతుంది. మీరు చేరిన మొదటి వారంలోనే ఏటూరునాగారం, ములుగు ఆసుపత్రులకు స్వయంగా వెళ్లి, పాముకాటు మందు నిల్వ ఉందా, వెంటిలేటర్ ఉందా అని అడిగి తెలుసుకోండి. వరంగల్ ఎంజీఎం దాకా తీసుకెళ్లవలసి వస్తే ఏ బండి, ఏ డ్రైవరు, ఏ దారి అన్నది కాగితం మీద రాసి గోడకు అంటించండి. కాటు పడిన చోట కోయడం, బిగించి కట్టడం వంటివి చేయనివ్వవద్దు. కాలు గానీ చేయి గానీ కదలకుండా చూసి ఆసుపత్రికి చేర్చడం ఒక్కటే పని.

కెమెరా ట్రాపుల పని, అంటే జంతువు ఎదురుగా వచ్చినప్పుడు తమంతట తామే ఫొటో తీసే కెమెరాల పని, చూడటానికి తేలికగా కనిపిస్తుంది. జాతీయ పులుల గణనలో రెండు చదరపు కిలోమీటర్ల గడికి ఒక జత చొప్పున, దారికి అటూ ఇటూ ఎదురెదురుగా కెమెరాలు పెడతారు. ఒక్కో పులిని దాని చారలను బట్టే గుర్తిస్తారు, కుడిపక్క చారలు ఎడమపక్క చారలతో కలవవు కనుక రెండు వైపుల ఫొటోలూ కావాలి. మేము చిరుతల కోసమూ అదే పద్ధతి పాటించాం. అయితే కెమెరాలో గడియారం తప్పితే ఎంత మంచి ఫొటో అయినా విశ్లేషణకు పనికిరాదు. బ్యాటరీలు మార్చినప్పుడు కొన్ని కెమెరాల్లో తేదీ మొదటికి వచ్చేస్తుంది. అందుకే కొత్త కార్డు వేసిన వెంటనే, గడి నంబరు, తేదీ, సమయం చాక్‌పీసుతో రాసిన పలకను కెమెరా ముందు పట్టుకుని ఒక ఫొటో పడనివ్వాలి. కార్డు తీసే ముందు కూడా అలాగే చేయాలి. ఆ రెండు ఫొటోలు ఉంటే మధ్యలో గడియారం ఎక్కడ తప్పిందో లెక్కకట్టి సరిచేసుకోవచ్చు. కార్డులోని ఫొటోలను అదే రోజు రెండు హార్డ్‌డిస్కుల్లోకి ఎక్కించి, అందులో ఒకదాన్ని వీలైన మొదటి బండిలో హనుమకొండకు పంపించండి. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపువ్వు ఏరుకునేందుకు చెట్ల కింద ఆకులు కాలుస్తారు. ఆ నిప్పు పాకి వచ్చినా కెమెరాకు తగలకుండా, కెమెరా కట్టిన చెట్టు చుట్టూ ఎండుటాకులు ఊడ్చి ఉంచాలి.

ఇదే కెమెరాల్లో మనుషులు కూడా పడతారు. తునికాకు కోతకు, వంటచెరుకుకు, ఇప్పపువ్వుకు తెల్లవారుజామునే బయలుదేరే స్త్రీలు ఆ దారులనే నడుస్తారు. కెమెరాలు బిగించే ముందు గూడెం పెద్దలను కలిసి, ఎక్కడెక్కడ పెడుతున్నామో చూపించి, బహిర్భూమికి వెళ్లే చోట్లు ఎటువైపో అడిగి వాటిని వదిలేయాలి. మనుషుల ఫొటోలను ఎవరు చూస్తారు, ఎప్పుడు తుడిచేస్తారు, వేటగాళ్ల ఫొటో పడితే ఏం చేస్తారు అన్నది పని మొదలయ్యే ముందే అటవీ అధికారులతో రాతపూర్వకంగా ఖరారు చేసుకోండి. ఈ ఒక్క విషయంలో నమ్మకం పోతే కెమెరాలు మాయమవుతాయి, అంతకంటే ముఖ్యంగా మీకు దారి చూపే మనిషి దొరకడు.

మీ కేంద్రంలో ఏళ్ల తరబడి ఉండేది గూడెం నుంచి వచ్చే కోయ సహాయకులే; పరిశోధకులు ఒక సీజన్‌కు వచ్చి వెళ్తారు. ప్రాజెక్టు నిధులు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తాయి గనుక కనీసం మూడు నెలల జీతాల సొమ్మును విడిగా ఉంచి, చెప్పిన తేదీకి చెల్లించండి. పొలం పనుల రోజుల్లోనూ, రెండేళ్లకొకసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతర రోజుల్లోనూ వారికి సెలవు ఇవ్వడం ధర్మం, ఆ రోజుల్లో దారులు కూడా పని చేసుకోవడానికి వీలుగా ఉండవు. అడుగుజాడను చూసి అది ఎలుగుబంటిదో, నిన్నటిదో మొన్నటిదో చెప్పగలిగినవారి పేర్లు నివేదికల్లోనూ, వీలైతే వ్యాసాల్లోనూ ఉండాలని పట్టుబట్టండి.

అనుమతుల గురించి క్లుప్తంగా చెబుతాను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 28వ సెక్షన్ కింద అభయారణ్యంలోకి వెళ్లడానికి ఇచ్చే అనుమతి పత్రం నకలు ప్రతి బృందం సంచిలోనూ ఉండాలి, స్థానిక పోలీస్ స్టేషనుకు కొత్తగా వచ్చినవారి వివరాలు అదే రోజు తెలియజేయాలి.

మీరు మేలో చేరుతున్నారు కాబట్టి మొదటి మూడు వారాలు కెమెరాల జోలికి వెళ్లవద్దు. పాత నిర్వాహకులు ఉండగానే వారితో కలిసి ప్రతి వాగు దాటే చోటుకూ నడిచి వెళ్లండి, బోరు నీటిని పరీక్షకు పంపండి, పైకప్పు మీదికి వాలిన కొమ్మలను అనుమతి తీసుకుని కొట్టించండి, సహాయకుల ఇళ్లకు వెళ్లి పలకరించండి. జూన్‌లో మొదటి పెద్ద వాన పడే నాటికి సరుకుల గది తాళంచెవి, మందుల పెట్టె, రిజిస్టరు ఎక్కడున్నాయో మీతోపాటు కనీసం మరో ఇద్దరికి తెలిసి ఉండాలి.