లక్షల సాఫ్ట్‌వేర్ కొనేముందు: బోర్డు డిజైన్‌పై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: హైదరాబాద్ చర్లపల్లిలో ముగ్గురం కలిసి కంట్రోలర్ బోర్డులు చేస్తుంటాం. నాలుగు లేయర్ల బోర్డులో 3.3 వోల్టుల ఎస్పీఐ ఫ్లాష్ మెమొరీ చిప్‌ను 50 మెగాహెర్ట్జ్‌లో చదివితే అప్పుడప్పుడు తప్పు డేటా వస్తోంది. 25కు తగ్గిస్తే సరిపోతోంది. ట్రేస్ (బోర్డు మీది రాగి గీత) పొడవు 110 మి.మీ. సిగ్నల్ చెడకుండా చేరుతుందో లేదో చూపే సిగ్నల్ ఇంటిగ్రిటీ సాఫ్ట్‌వేర్ వాడమంటున్నారు కానీ ధర లక్షల్లో చెబుతున్నారు. వచ్చే బోర్డులో ఒక డీడీఆర్3ఎల్ మెమొరీ చిప్ కూడా ఉంటుంది. తక్కువ ఖర్చులో ఏది తీసుకోవాలి?

జవాబు: ముందు కాగితం మీద లెక్క వేయండి. మీరు రాసిన దాంట్లోనే ఒక ఆచూకీ ఉంది. రింగింగ్ (సిగ్నల్ మారాక వోల్టేజ్ పైకీ కిందికీ ఊగడం) వల్ల క్లాక్ రెండుసార్లు లెక్కలోకి వస్తుంటే 25 మెగాహెర్ట్జ్‌లోనూ అదే తప్పు రావాలి, ఎందుకంటే ఎడ్జ్ (సిగ్నల్ 0, 1ల మధ్య మారే అంచు) వేగం మారదు. ఫ్రీక్వెన్సీ తగ్గించగానే సమస్య పోయిందంటే ముందు అనుమానించాల్సింది టైమింగ్‌ను. బయటి లేయర్ ట్రేస్‌లో సిగ్నల్ మి.మీ.కు దాదాపు 6 పికోసెకన్లు తీసుకుంటుంది. 110 మి.మీ.కు 0.66 నానోసెకన్లు, క్లాక్ వెళ్లి డేటా తిరిగి రావడానికి 1.3. ఫ్లాష్ లోపల క్లాక్ ఎడ్జ్ నుంచి డేటా బయటికి రావడానికి చాలా చిప్‌లలో 6 నుంచి 7 నానోసెకన్లు పడుతుంది. 50 మెగాహెర్ట్జ్‌లో సగం సైకిల్ 10 నానోసెకన్లే. ప్రాసెసర్ సెటప్ టైమ్‌కు (శాంపిల్ చేసే ముందు డేటా నిలకడగా ఉండాల్సిన సమయం) మిగిలేది 2 నానోసెకన్ల దాకా. చాలా ప్రాసెసర్లలో డేటాను సగం సైకిల్ ఆలస్యంగా శాంపిల్ చేసే సెట్టింగ్ ఉంటుంది. ముందు అది పెట్టి చూడండి.

అలాగని రింగింగ్‌ను వదిలేయకండి. ఫ్లాష్ పక్కా 50 మెగాహెర్ట్జే కదా అనుకుంటే పొరపాటు, ట్రేస్‌కు కనిపించేది రైజ్ టైమ్, అంటే సిగ్నల్ 0 నుంచి 1కి ఎక్కడానికి పట్టే సమయం. అది 0.8 నానోసెకన్లు అయితే, రైజ్ టైమ్‌లో ఆరో వంతును మి.మీ.కు పట్టే ఆలస్యంతో భాగిస్తే 22 మి.మీ. వస్తుంది. అంతకు మించిన ప్రతి ట్రేస్‌నూ ట్రాన్స్‌మిషన్ లైన్‌గా (సిగ్నల్ చివర తగిలి వెనక్కి ప్రతిఫలించే తీగగా) చూడాలి. మీది దానికి అయిదు రెట్లు.

దీనికి ఉచితంగా దొరికే ఎల్‌టీస్పైస్ సర్క్యూట్ సిమ్యులేటర్ చాలు. 0 నుంచి 3.3 వోల్టుల పల్స్ సోర్స్ పెట్టి రైజ్ టైమ్ 0.8 నానోసెకన్లు ఇవ్వండి. సిరీస్‌లో 20 ఓమ్‌లు (డ్రైవర్ రెసిస్టెన్స్), తర్వాత 50 ఓమ్‌ల ఇంపిడెన్స్, 660 పికోసెకన్ల ఆలస్యం ఉన్న లైన్, చివర 6 పికోఫారడ్ల కెపాసిటర్. గరిష్ఠ టైమ్ స్టెప్ 20 పికోసెకన్లు అని తప్పనిసరిగా రాయండి. రాయకపోతే సిమ్యులేటర్ పెద్ద అడుగులు వేసి, ఉన్న రింగింగ్‌ను మాయం చేసి చూపిస్తుంది. ఆ కెపాసిటర్ లేనట్టు చేతి లెక్క వేస్తే రిసీవర్ దగ్గర వోల్టేజ్ మొదట 4.7కు ఎగిరి, తర్వాత 2.7కు పడుతుంది. హై అని గుర్తించే హద్దు సాధారణంగా సరఫరాలో 70 శాతం, అంటే 2.3. మిగిలిన 0.4 వోల్టులను పక్క ట్రేస్‌ల నుంచి చొరబడే సిగ్నల్ (క్రాస్‌టాక్), గ్రౌండ్ వోల్టేజ్ ఊగడం (గ్రౌండ్ బౌన్స్) తేలిగ్గా తినేస్తాయి. డ్రైవర్ పిన్ పక్కనే 33 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఎగుడుదిగుళ్లు దాదాపు పోతాయి. అదే రెసిస్టర్‌ను రిసీవర్ దగ్గర పెడితే ఉపయోగం ఉండదు. డేటా లైన్‌కు డ్రైవర్ ఫ్లాషే కాబట్టి దాని రెసిస్టర్ ఫ్లాష్ వైపు ఉండాలి.

ఆ 20 ఓమ్‌లు, 0.8 నానోసెకన్లు చిప్ తయారీదారు ఇచ్చే ఐబిస్ ఫైల్లో (చిప్ పిన్‌ల విద్యుత్ ప్రవర్తన పట్టికలు) దొరుకుతాయి. పుల్‌డౌన్ పట్టికలో 0.4 వోల్టుల దగ్గర 20 మిల్లీఆంపియర్లు ఉంటే అది 20 ఓమ్‌లు. ర్యాంప్ వరసలో ఉండేది 20 శాతం నుంచి 80 శాతం దాకా పట్టే సమయం మాత్రమే, పూర్తి ఎడ్జ్‌కు దాన్ని 0.6తో భాగించాలి. టిపికల్ గడి చూసి ఊరుకోకండి. రింగింగ్‌కు చిప్ అత్యంత వేగంగా ఉండే పరిస్థితి ముఖ్యం, అది మాక్స్ గడిలో ఉంటుంది.

డీడీఆర్3ఎల్ ఒక్క చిప్పే కాబట్టి, ప్రాసెసర్ కంపెనీ లేఅవుట్ గైడ్‌ను అక్షరాలా పాటించి ఉచిత బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్ కీక్యాడ్‌లోని సిమ్యులేటర్‌లో చూసుకోండి. ఏడో వెర్షన్ నుంచి అది ఐబిస్ మోడళ్లను సరాసరి తీసుకుంటుంది, లోపల పనిచేసేది ఎన్‌జీస్పైస్ అనే సిమ్యులేషన్ ఇంజిన్. మెమొరీ ఐబిస్ ఫైల్లో ఒకే పిన్‌కు అరడజను మోడళ్లు ఉంటాయి. ఓడీటీ (చిప్ లోపలి టర్మినేషన్ రెసిస్టర్) ఆఫ్‌లో ఉన్నది ఎంచుకుంటే బోర్డు బాగున్నా వేవ్‌ఫారం ఘోరంగా కనిపిస్తుంది. ఇంకో సంగతి, కీక్యాడ్ సిమ్యులేటర్ స్కీమాటిక్‌నే చూస్తుంది. మీరు గీసిన ట్రేస్ ఆకారం దానికి తెలియదు, లైన్‌ను మీరే పెట్టాలి. క్రాస్‌టాక్, వయాలు (లేయర్లను కలిపే రంధ్రాలు), గ్రౌండ్ ప్లేన్‌లో చీలిక దాటే ట్రేస్‌లు ఇందులో కనిపించవు. అవి లేఅవుట్‌లోనే సరిచూసుకోవాల్సినవి.

స్టాకప్ (లేయర్ల క్రమం, మందం) వివరాలు ఫ్యాక్టరీ నుంచి రాతపూర్వకంగా తీసుకోవడం ఏ సాఫ్ట్‌వేర్ కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. ప్రిప్రెగ్ (లేయర్ల మధ్య ఇన్సులేటర్) మందం 0.21 మి.మీ. ఉంటే 0.35 మి.మీ. వెడల్పు ట్రేస్ 50 ఓమ్‌ల ఇంపిడెన్స్ ఇస్తుంది. ఫ్యాక్టరీ 0.1 మి.మీ. ప్రిప్రెగ్ వాడితే అదే ట్రేస్ 35 ఓమ్‌ల కిందికి పోతుంది. అప్పుడు మీ సిమ్యులేషనంతా వేరే బోర్డుకు చేసినట్టు.

హైపర్‌లింక్స్, సిగ్రిటీ, ఎస్‌ఐవేవ్ లాంటి ఖరీదైన సాఫ్ట్‌వేర్‌లు అనేక చిప్‌ల డీడీఆర్4, సెకనుకు అయిదారు గిగాబిట్లు దాటే సీరియల్ లింకుల వరకు వస్తే అవసరమవుతాయి. అలాంటి బోర్డు ఏడాదికి ఒకటే చేసేవాళ్లు ఆ ఒక్క బోర్డు విశ్లేషణను బయట చేయించుకోవడం చవక. డీలర్‌ను అడిగేటప్పుడు బోర్డు ఫైల్ దిగుమతి, ఐబిస్, క్రాస్‌టాక్ ఒకే ధరలో ఉన్నాయా, విడి మాడ్యూళ్లా అని ముందే తేల్చుకోండి.

ప్రశ్న: సిమ్యులేషన్‌లో ఓవర్‌షూట్ (వోల్టేజ్ చేరాల్సిన స్థాయిని మించి ఎగరడం) 4 వోల్టులు దాటుతోంది, మా 100 మెగాహెర్ట్జ్ ఆసిల్లోస్కోప్‌లో అసలు కనబడదు. ఏది నమ్మాలి? (విశాఖపట్నం)

జవాబు: సిమ్యులేషన్‌నే. 0.35ను బ్యాండ్‌విడ్త్‌తో భాగిస్తే ఆ స్కోప్ సొంత రైజ్ టైమ్ 3.5 నానోసెకన్లు. ఒక నానోసెకను ఎడ్జ్‌ను అది చదును చేసి చూపిస్తుంది. కనీసం 500 మెగాహెర్ట్జ్ స్కోప్ అరువు తెచ్చుకోండి. ప్రోబ్‌కు ఉన్న పొడవాటి గ్రౌండ్ వైరు తీసేసి స్ప్రింగ్ గ్రౌండ్ పెట్టండి, లేకపోతే ఆ వైరు చేసే రింగింగే తెరమీద కనబడి బోర్డుదని పొరబడతారు. కొలిచేది రిసీవర్ పిన్ దగ్గర. ట్రేస్ మధ్యలో కొలిస్తే సగం ఎత్తు దగ్గర ఒక మెట్టు కనిపిస్తుంది. సిరీస్ రెసిస్టర్ పెట్టిన లైన్‌లో అది సహజం, రిసీవర్‌కు చేరేసరికి ఉండదు.