మీ చేప బొచ్చె, రోహుల సంకరం కావచ్చు
తల బొచ్చెలా, ఒళ్ళు రోహులా ఉందన్నారు కదా. తల సైజు చూసి మాత్రం తేల్చకండి, చిక్కిపోయిన బొచ్చెకి కూడా తల పెద్దగానే కనిపిస్తుంది. అసలు ఆధారం నోరే. బొచ్చెకి కింది దవడ ముందుకొచ్చి నోరు పైకి తిరిగి ఉంటుంది, మీసాలుండవు, పెదవి అంచు నున్నగా ఉంటుంది. రోహుకి నోరు కిందివైపు, పెదవులకి కుచ్చులాంటి అంచు, మూలల్లో చిన్న మీసాలు. మీ ఫొటోలో నోరు తిన్నగా ముందుకుంది, పెదవికి కుచ్చు కొద్దిగానే ఉంది. రెండింటికీ మధ్యస్థంగా ఉంది కాబట్టి నాకైతే సంకరమనే అనిపిస్తోంది. హేచరీల్లో (చేపపిల్లల్ని పుట్టించే కేంద్రాల్లో) రెండు జాతులతో ఒకేచోట గుడ్లు పెట్టిస్తే ఇలాంటివి పుడతాయి. వీటికి సంతానం కూడా కలుగుతుంది, ఆ పిల్లలు అచ్చం ఒక జాతిలాగే ఉండొచ్చు. అందుకే కచ్చితంగా తెలియాలంటే డీఎన్ఏ పరీక్షే దారి. వీలైతే నోటిని కిందనుంచి దగ్గరగా తీసిన ఫొటో ఒకటి పెట్టండి, మీసాలు చూద్దాం.