పాత మైదానం గురించి రాస్తున్న యువ రచయితకు

చిరంజీవికి, ఆశీస్సులు.

ఇంగ్లండ్‌లోని లివర్‌పూల్ నగరపు ఫుట్‌బాల్ క్లబ్ ఎవర్టన్ పాత మైదానం గుడిసన్ పార్క్ మీద నువ్వు రాసి పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. నువ్వు పడిన శ్రమ ప్రతి పుటలోనూ కనిపిస్తోంది. 1892లో అద్దె తగాదా వల్ల ఎవర్టన్ ఆన్‌ఫీల్డ్‌ను వదిలి ఈ స్థలానికి రావడం, ఖాళీ అయిన ఆన్‌ఫీల్డ్‌లో ఆ ఏడాదే లివర్‌పూల్ క్లబ్ పుట్టడం, 1927–28 సీజన్‌లో ఎవర్టన్ ఆటగాడు డిక్సీ డీన్ లీగ్ మ్యాచ్‌లలో 60 గోల్స్ కొట్టడం, 1966 ప్రపంచ కప్‌లో ఉత్తర కొరియా మీద పోర్చుగల్ ఆటగాడు యూసేబియో ఇక్కడే నాలుగు గోల్స్ చేయడం, చివరికి 2025 మే 18న సౌతాంప్టన్‌ను 2–0తో ఓడించి పురుషుల జట్టు అక్కడి నుంచి సెలవు తీసుకోవడం, ఇవన్నీ వరుసలో, తప్పుల్లేకుండా ఉన్నాయి. అయితే చదవడం ముగించేసరికి నాకు క్లబ్ చరిత్ర తెలిసింది గాని, ఆ మైదానానికి వెళ్లి వచ్చిన మనిషి ఒక్కడూ కనిపించలేదు. నువ్వు పెట్టుకున్న శీర్షికేమో ‘అభిమానుల జ్ఞాపకాలు’.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే, మిగిలినవన్నీ అందులోంచి వచ్చేవే. మైదానం గురించి రాయడం మానెయ్యి; ఆ మైదానంలో ఒక మనిషి ఏళ్ల తరబడి నిలబడిన చోటు గురించి రాయి.

బ్రిటన్‌లో చాలా దశాబ్దాలపాటు ఫుట్‌బాల్ చూసినవాళ్లలో ఎక్కువమంది కూర్చుని చూడలేదు. టెర్రస్ అని పిలిచే మెట్ల మీద, అక్కడక్కడా అడ్డంగా పాతిన ఇనుప కడ్డీలకు ఆనుకుని, నిలబడి చూశారు. టికెట్ మీద సీటు నంబరు ఉండదు గనుక ఎవరి చోటు వాళ్లే వెతుక్కునేవారు, దొరికాక వదిలేవారు కాదు. గోల్‌పోస్టు వెనుక, ఎడమవైపు రెండో కడ్డీ దగ్గర అని చెబితే చాలు, ఆ మనిషి శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు ఎక్కడుంటాడో స్నేహితులకు తెలిసిపోయేది. పక్కన నిలబడేవాడి పేరు తెలియకపోవచ్చు, ఏం పని చేస్తాడో కూడా తెలియకపోవచ్చు, కాని ఏ తప్పుకు రిఫరీని ఏమని తిడతాడో మాత్రం ముందే తెలుసు. పాత మైదానం పోయిందని అభిమాని బాధపడేటప్పుడు అతను ఎక్కువగా బాధపడేది ఈ ఇరుగుపొరుగు గురించే. కొత్త స్టేడియంలో సీటు సౌకర్యంగా ఉంటుంది, స్తంభం అడ్డు రాదు, మరుగుదొడ్డి శుభ్రంగా ఉంటుంది. అయితే సీట్లు కేటాయించే కంప్యూటరుకు ఆ రెండో కడ్డీ దగ్గరి గుంపు సంగతి తెలియదు.

అందుకే అభిమానితో మాట్లాడేటప్పుడు “మీకేం గుర్తుంది?” అని అడగకు. అలా అడిగితే అతను ఎప్పుడో పత్రికలో చదివిందే చెబుతాడు. గుడిసన్ విషయంలో ఆ జవాబు ఏమిటో అడగకుండానే చెప్పవచ్చు: 1985 ఏప్రిల్ 24, యూరప్ క్లబ్బుల పోటీ అయిన కప్ విన్నర్స్ కప్ సెమీఫైనల్, జర్మనీ క్లబ్ బయర్న్ మ్యూనిక్ మొదటి గోల్ కొట్టాక ఎవర్టన్ మూడు కొట్టి గెలిచిన రాత్రి. ఆ రాత్రి లోపల యాభై వేల మంది కూడా లేరు, కాని ఉన్నామని చెప్పుకునేవాళ్లందరినీ పోగుచేస్తే పక్కనున్న స్టాన్లీ పార్కు కూడా చాలదేమో. ఏ గేటు గుండా వెళ్లేవారు, మొదటిసారి ఎవరు తీసుకెళ్లారు, మీ పక్కన ఎవరు నిలబడేవారు, మీ చోటు నుంచి ఏది కనిపించేది కాదు, అని అడుగు. ఈ చివరి ప్రశ్నకు వచ్చే జవాబులే నీకు పనికివస్తాయి.

ఎందుకో చెబుతాను. గుడిసన్ స్టాండ్లకు రూపం ఇచ్చినవాడు ఆర్చిబాల్డ్ లీచ్ అనే స్కాట్లండ్ ఇంజనీరు. ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో బ్రిటన్‌లో వెలసిన పెద్ద మైదానాల్లో చాలా వాటి మీద ఆయన చెయ్యి పడింది. పై అంతస్తు ముందుభాగంలో ఒకదాన్నొకటి ఏటవాలుగా దాటే ఉక్కు పట్టీల అల్లిక ఆయన ముద్ర. బుల్లెన్స్ రోడ్ వైపు అది చివరిదాకా నిలిచి ఉంది. దాన్ని నువ్వు వర్ణించావు, బాగానే వర్ణించావు. కాని ఆ కాలపు పైకప్పును మోయడానికి స్తంభాలు తప్పవు, ఆ స్తంభాల వెనుక కూర్చోవడమూ కొందరికి తప్పదు. సరిగ్గా గోల్ ముందరి పెనాల్టీ పెట్టెకు స్తంభం అడ్డు వచ్చే సీట్లో కూర్చున్నవాడికి గోల్ కనిపించదు. ఎదుటి స్టాండ్‌లోని జనం ఒక్కసారిగా లేవడం కనిపిస్తుంది, కేక చెవిన పడుతుంది, ఆ తరువాతే ఎవరు కొట్టారని పక్కవాడిని అడుగుతాడు. ఒక గోల్‌ను ఇలా రాయగలిగితే స్కోరు రాయకపోయినా పాఠకుడు అడగడు.

మైదానం మూలలోకి చొచ్చుకొచ్చిన సెయింట్ లూక్ చర్చి గురించి, మ్యాచ్‌కు ముందు పాతకాలపు దుస్తుల్లో జనంలోకి పిప్పరమెంట్లు విసిరే అమ్మాయి గురించి నువ్వు చెరో పేరా రాశావు. ఈ రెండూ గుడిసన్ మీద వచ్చే ప్రతి వ్యాసంలోనూ ఉంటాయి. తీసెయ్యమని నేను అనను, కాని వాటిని ఎవరో ఒకరికి ముడిపెట్టు. గ్లాడిస్ స్ట్రీట్ వైపు ఒకప్పుడు పిల్లల కోసం కంచె వేసిన ఆవరణ ఉండేది. అక్కడ నిలబడిన కుర్రాడికి ఒక్క పిప్పరమెంటైనా దొరికిందా? కంచె ఎక్కి పెద్దల టెర్రస్‌లోకి దూకాలని చూశాడా? ఈ జవాబులు లేనంతవరకు చర్చీ పిప్పరమెంట్లూ యాత్రికుడు తీసుకున్న ఫొటోల్లా మిగిలిపోతాయి.

మరణం గురించి నువ్వు ఒక్క మాట కూడా రాయలేదు, బహుశా మొహమాటపడి ఉంటావు. పాత మైదానాల జ్ఞాపకాల్లో అది తప్పించలేని భాగం. డిక్సీ డీన్ 1980 మార్చిలో లివర్‌పూల్‌తో మ్యాచ్ చూస్తూ గుడిసన్‌లోనే ప్రాణం విడిచాడు. వందలాది అభిమానుల చితాభస్మాన్ని వాళ్ల కుటుంబాలు ఆ పచ్చిక అంచుల్లో పాతిపెట్టాయి, చివరికి చోటు చాలక క్లబ్ ఆ పద్ధతిని ఆపవలసి వచ్చింది. క్లబ్ ఊళ్లోనే మరోచోటికి మారుతుందంటే, తండ్రిని అక్కడ వదిలి వెళ్తున్నామన్న మాట కొన్ని ఇళ్లలో అలంకారం కాదు, జరిగిన సంగతి. అలాంటి కుటుంబంతో మాట్లాడే అవకాశం దొరికితే విశేషణాలు వాడకు, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాయి.

ఇక నీ వ్యాసంలో నాకు బొత్తిగా నచ్చని వాక్యానికి వస్తాను: ‘ఆ రోజుల్లో మైదానం ఒక దేవాలయం, ప్రేక్షకులంతా ఒకే కుటుంబం.’ ఈ వాక్యం కొట్టెయ్యి. పాత మైదానాలు మనుషుల్ని చంపాయి. 1902లో గ్లాస్గోలోని ఐబ్రాక్స్‌లో చెక్క టెర్రస్ విరిగిపడి 25 మంది చనిపోయారు. దాన్ని కట్టించినవాడు ఇదే లీచ్. 1946లో బోల్టన్ క్లబ్ మైదానం బర్న్‌డెన్ పార్క్‌లో తొక్కిసలాటలో 33 మంది పోయారు. 1985 మేలో బ్రాడ్‌ఫర్డ్‌లో చెక్క స్టాండ్ అంటుకుని 56 మంది కాలిపోయారు. 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్‌లోని హిల్స్‌బరో మైదానంలో టెర్రస్ మీద జనం నలిగిపోయిన దుర్ఘటన 97 మంది లివర్‌పూల్ అభిమానులను బలి తీసుకుంది. ఆ దుర్ఘటనను విచారించిన న్యాయమూర్తి టేలర్ 1990లో ఇచ్చిన నివేదిక వల్లనే పెద్ద క్లబ్బులు టెర్రస్‌లు తీసేసి అంతటా సీట్లు వెయ్యవలసి వచ్చింది. ఇళ్ల వరుసల మధ్య ఇరుక్కుపోయిన మైదానాల్లో సీట్లు వేస్తే పట్టే జనం సగానికి పడిపోతారు, పెంచుదామంటే వెనుక వీధి ఉంది. మిడిల్స్‌బ్రో 1995లో, సండర్లండ్, బోల్టన్, డెర్బీ 1997లో, సౌతాంప్టన్ 2001లో పాత ఇళ్లు విడిచి వెళ్లడానికి ఇదీ ఒక ముఖ్య కారణం. టెర్రస్ పోయిందని దుఃఖించే వ్యాసం, అది ఎందుకు పోయిందో చెప్పకపోతే, చనిపోయినవాళ్లకు అన్యాయం చేసినట్టే.

‘ఒకే కుటుంబం’ అన్న మాట కూడా నిలవదు. 1988లో ఇదే గుడిసన్‌లో లివర్‌పూల్ క్లబ్ నల్లజాతి ఆటగాడు జాన్ బార్న్స్ మీదికి అరటిపండు విసిరారు, ఆయన దాన్ని మడమతో పక్కకు తన్నుతున్న ఫొటో నేటికీ ప్రసిద్ధం. ఆ రోజు ఆ మెట్ల మీద నిలబడినవాళ్లలో నీతో మాట్లాడినవారు కూడా ఉండవచ్చు. అడుగు. కొందరు మాట దాటేస్తారు, కొందరు ఒప్పుకుంటారు, రెండూ రాయదగ్గవే.

జ్ఞాపకం తప్పడం గురించి మరీ కంగారుపడకు. ఎవరైనా ఒక గెలుపు రోజున జోరున వాన కురిసిందని చెప్పి, పాత పత్రికలో ఎండ కాసినట్టు ఉంటే, అతని మాటను దిద్దనూ వద్దు, దాచనూ వద్దు. రెండూ పక్కపక్కన పెట్టు. వేరొక తడిసిన శనివారాన్ని అతను ఈ గెలుపులోకి ఎందుకు తెచ్చుకున్నాడో పాఠకుడే ఆలోచిస్తాడు. తేదీ, ప్రత్యర్థి, గోల్ కొట్టినవాడి పేరు మాత్రం నీ బాధ్యత. వాటిని సరిచూడకుండా అచ్చుకు పంపకు.

మైదానం పోయిన తరువాత ఏమవుతుందో కూడా చూడు. ఆర్సెనల్ పాత ఇల్లు హైబరీలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, పచ్చిక ఉన్నచోట తోట పెంచారు. బ్రైటన్ అభిమానుల గోల్డ్‌స్టోన్ మైదానంలో దుకాణాల సముదాయం వచ్చింది. మిడిల్స్‌బ్రోలోని ఎయిర్సమ్ పార్క్‌లో ఇళ్లు కట్టారు, అయితే 1966లో ఇటలీని ఓడించిన గోల్‌ను ఉత్తర కొరియా ఆటగాడు పాక్ డూ ఇక్ ఏ చోటు నుంచి కొట్టాడో అక్కడ, ఒక ఇంటి ముందరి గడ్డిలో, బూటు గుర్తుల్ని కంచులో పోతపోసి ఉంచారు. నేను మొదట చెప్పిన ‘చోటు’ అంటే ఏమిటో ఇంతకంటే స్పష్టంగా చూపలేను: స్టేడియం మొత్తం పోయింది, ఒక పాదం మోపిన జాగా మిగిలింది.

జ్ఞాపకం ఊరికే నిట్టూర్చడమే కాదని తెలియాలంటే లండన్ క్లబ్ చార్ల్‌టన్ కథ చదువు. 1938లో 75 వేల మందిని ఇముడ్చుకున్న తమ వాలీ మైదానాన్ని వదిలేస్తున్నామని 1985లో క్లబ్ యాజమాన్యం మ్యాచ్‌కు వచ్చినవాళ్ల చేతిలో కరపత్రం పెట్టి చెప్పింది. ఆ తరువాత సొంత జట్టు ఆట చూడటానికి వాళ్లు మరో క్లబ్ క్రిస్టల్ పాలెస్ మైదానానికి వెళ్లవలసి వచ్చింది, వాలీ టెర్రస్‌ల మీద పిచ్చిమొక్కలు పెరిగాయి. అభిమానులే కత్తులూ కొడవళ్లూ పట్టుకుని వెళ్లి ఆ మొక్కలు నరికి, మైదానం మధ్య కుప్పవేసి తగలబెట్టారు. తిరిగివచ్చే ప్రణాళికను స్థానిక పాలక సంస్థ గ్రీనిచ్ కౌన్సిల్ తిరస్కరించినప్పుడు, 1990 స్థానిక ఎన్నికల్లో వాలీ పార్టీ పేరుతో నిలబడి 14,838 ఓట్లు తెచ్చుకున్నారు. ఒక్క స్థానమూ గెలవలేదు, కాని కౌన్సిల్ మనసు మారింది. 1992 డిసెంబరు 5న జట్టు ఇంటికి తిరిగివచ్చి పోర్ట్స్‌మత్‌ను 1–0తో ఓడించింది. ఆ ఓట్లు వేసినవాళ్లు ఓటు వేసింది కొత్త స్టేడియం కోసం కాదు, తాము నిలబడే మెట్టు కోసం. ఇలాంటి కథ చెప్పేటప్పుడు కూడా గొంతు పెంచనక్కర్లేదు, కొడవలి పట్టినవాడి చేతులకు ఏమైందో చెప్పు, అది చాలు.

మరొక్క విషయం. నీ వ్యాసమంతా భూతకాలంలో సాగింది. గుడిసన్ కూలిపోలేదు, పురుషుల జట్టు రేవు ఒడ్డున కట్టిన కొత్త స్టేడియానికి వెళ్లాక ఎవర్టన్ మహిళల జట్టు అక్కడ ఆడుతోంది. ఇప్పుడు మొదటిసారి అక్కడికి వెళ్తున్న ఒక అమ్మాయికి అది పాత మైదానం కాదు, సొంత మైదానం. ఆమెతో మాట్లాడకుండా వ్యాసం పూర్తయిందని అనుకోకు.

ఇక చేయవలసిన పని. మొదటి మూడు పుటలూ పక్కన పెట్టు, అందులోని తేదీల్లో నాలుగైదు ఎక్కడ అవసరమో అక్కడికి వాటంతటవే వస్తాయి. ఆఖరి పుట అడుగున ఒక వాక్యం రాశావు: బుల్లెన్స్ రోడ్ స్టాండ్‌లో స్తంభం వెనుక సీటుకు ఒకాయన ప్రతి ఏటా సీజన్ టికెట్ కొనేవాడని, మంచి సీటు ఇస్తామన్నా మారలేదని. నీ వ్యాసం అక్కడ మొదలవ్వాలి. ఆయనతో మళ్లీ మాట్లాడి, పక్క సీట్లలో ఎవరుండేవారో, కొత్త స్టేడియంలో వాళ్లెవరైనా ఆయన దగ్గర కూర్చుంటున్నారో లేదో తెలుసుకుని రాసి పంపు. చదివి వెంటనే జవాబిస్తాను.

ఇట్లు,
నీ శ్రేయోభిలాషి