మాడ వీధా, మేడ వీధా?

సందేహం: గురువుగారికి నమస్కారం. మేము చెన్నైలో, మైలాపూరులో ఉంటాం. కపాలీశ్వరస్వామి గుడి చుట్టూ నార్త్ మాడ స్ట్రీట్, సౌత్ మాడ స్ట్రీట్ అని వీధులున్నాయి. తిరుమలలో కూడా నాలుగు మాడ వీధులు అంటాం. నాకు తెలిసి మాడ అంటే పాతకాలపు నాణెం. మా మామగారేమో అది 'మేడ వీధి' అని, మనమే తప్పు పలుకుతున్నామని అంటారు. ఉత్సవానికి తెలుగులో కరపత్రం వేయిస్తున్నాం. ఏది రాయమంటారు?
– ఒక పాఠకురాలు, చెన్నై

సమాధానం: అమ్మా, నిస్సందేహంగా 'మాడ వీధి' అనే వేయించండి. అలాగని మీ మామగారి మాట కొట్టిపారేసేది కాదు. తమిళంలో మాడం అంటే మిద్దె, మేడ. కన్నడంవాళ్ల మాడి కూడా అదే. మన పాత తెలుగులో మాడుగు అన్నా మేడే. ఇవన్నీ ఒక ఇంటి మాటలు. కాకపోతే ఈ వీధి పేరుగా మనకు స్థిరపడింది మాడ. దాన్ని ఇప్పుడు మేడ అని దిద్దితే ఎవరికీ అర్థం కాదు. నాణెం పేరైన మాడ, అంటే అర వరహా, పూర్తిగా వేరే మాట. స్వామి మీద మాడలు చల్లేవారు కాబట్టి ఆ పేరు వచ్చిందని కథలు అల్లనక్కర్లేదు.

గుడి చుట్టూ ఉన్న వీధికి మేడల పేరు ఎందుకు వచ్చిందన్నది అసలు చూడాల్సిన సంగతి. మూలవిరాట్టు గర్భగుడి దాటి రాడు. ఉత్సవమూర్తి వస్తాడు, ఆయన వచ్చే దారి ఇదే. ఆ దారిలో ఇల్లుంటే గుమ్మంలో నిలబడే హారతి ఇవ్వచ్చు. అందుకే అర్చకులు, గుడిని నమ్ముకుని బతికేవాళ్లు, కలిగినవాళ్లు అక్కడే ఇళ్లు కట్టుకున్నారు. తేరు సాగాలంటే వీధి వెడల్పుండాలి, మలుపు తిరగాలంటే మూలల్లో చోటుండాలి. అలా ఊరి నడిమి వీధులకు తేరే కొలత అయింది. మన చెన్నైలోనే తిరువొత్తియూరులో మెట్రో స్టేషన్ పేరు చూడండి, తేరడి. తేరు నిలిచే చోటు అని.

మైలాపూరులో ఊరేగింపు ప్రదక్షిణంగా సాగుతుంది. తూర్పు మాడ వీధి, దక్షిణ మాడ వీధి, తరువాత పడమర, ఉత్తరం. పడమటి వీధిని మాత్రం ఇప్పుడు రామకృష్ణ మఠం రోడ్డు అంటున్నాం. 1897లో స్వామి రామకృష్ణానంద మద్రాసు వచ్చి నెలకొల్పిన మఠం పేరది. పాత వీధికి కొత్త మఠం పేరు వచ్చినా స్వామి దారి మారలేదు. తమిళుల పంగుని నెలలో అరవై ముగ్గురు నాయన్మార్లు, అంటే శివభక్తులు, పల్లకీల్లో ఈ నాలుగు వీధులే తిరుగుతారు.

7వ శతాబ్దపు శైవ కవి సంబంధర్ కూడా ఈ ఊరిని పాడుతూ పండుగలతో నిండిన వీధుల్ని తలుచుకున్నారు. ఆయన పాడిన గుడి సముద్రపు ఒడ్డున ఉండేదని, పోర్చుగీసువాళ్ల కాలంలో అది పోయాక ఇప్పటి గుడి లోపలికి వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. గుడి చోటు మారినా దానితోపాటు వీధుల పండుగ కూడా వచ్చేసింది. నాకు ఇది ఎంతో గొప్పగా అనిపిస్తుంది.

నగరం గుడిని పక్కకు జరిపిన సందర్భం మన తెలుగువాళ్ల చరిత్రలోనే ఉంది. ఈస్టిండియా కంపెనీవారి దగ్గర దుబాసీగా, అంటే మధ్యవర్తిగా ఉన్న బేరి తిమ్మన్న కట్టించిన చెన్నకేశవస్వామి గుడిని 1757లో, ఫ్రెంచివారితో యుద్ధం రోజుల్లో, కోట రక్షణ కోసం కూల్చేశారు. ఇప్పుడు హైకోర్టు ఉన్నది ఆ చోటే. తరువాత జార్జ్‌టౌన్‌లో, పూలబజారైన పూక్కడై దగ్గర, చెన్నకేశవుడికీ చెన్నమల్లేశ్వరుడికీ పక్కపక్కనే గుళ్లు కట్టారు. ఏటా తిరుమల బ్రహ్మోత్సవాలకు స్వామికి పట్టే తిరుపతి గొడుగులు బయలుదేరేది ఈ చెన్నకేశవుడి గుడి నుంచే. అవి యానైకవుని (ఎలిఫెంట్ గేట్) దాటేదాకా పచ్చి మంచినీళ్లు కూడా ముట్టనివాళ్లు జార్జ్‌టౌన్‌లో ఉన్నారు. అంత ఇరుకు బజార్లు ఆ ఒక్క పూట స్వామి దారి అవుతాయి. ఆ గొడుగులు చివరికి చేరేది తిరుమల మాడ వీధులకే, గరుడసేవకు.

తిరుమలలో ఆ వీధుల వెంట ఒకప్పుడు జనం కాపురాలుండేవి. మాస్టర్ ప్లాన్‌లో వాటిని తీసేశారు. ఇప్పుడక్కడ గ్యాలరీలు ఉన్నాయి. పేరులోని మేడలు లేవు కాబట్టి కొత్తవాళ్లకు అర్థం అందకపోవడం సహజం. మీకు సందేహం రావడంలో తప్పేమీ లేదమ్మా.

ఇక కరపత్రం సంగతి. 'తిరుమాడ వీధులు' అనవచ్చు, అందులో తిరు అంటే శ్రీ అనే. కాబట్టి ముందు మళ్లీ 'శ్రీ' పెట్టకండి. ఇంగ్లీషు బోర్డు చూసి పిల్లలు 'మద', 'మాదా' అని రాస్తున్నారు, ప్రూఫులో జాగ్రత్తగా చూడండి. 'మాడవీధి' అని కలిపి రాసినా తప్పు లేదు, కానీ కరపత్రమంతా ఒకే పద్ధతిలో ఉండాలి. ఊరేగింపు వివరాల్లో తూర్పు మాడ వీధి, దక్షిణ మాడ వీధి అని తెలుగులోనే వేయండి. కింద అడ్రసులో మాత్రం ఈస్ట్ మాడ స్ట్రీట్ అని బోర్డులో ఉన్నట్టే ఉంచితే బయటి ఊరి నుంచి వచ్చేవాళ్లకు ఆటో ఎక్కేటప్పుడు టెన్షన్ ఉండదు.