కబడ్డీలో ఫ్రీ సీటు అంటున్నారు సార్, పాపని చెన్నై పంపమంటారా?

ఇందుకూరుపేట మండలం నుంచి ఒక తండ్రి రాశారు. రొయ్యల గుంటలు చేస్తారు. పాప ఈ ఏడాది ఇంటర్ పాసైంది, కబడ్డీలో అండర్-19 స్కూల్ గేమ్స్ జాతీయ పోటీలకి రాష్ట్ర జట్టులో వెళ్లొచ్చింది. చెన్నై దగ్గర ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు ఫోన్ చేసి ఫీజు లేకుండా స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ సీటు ఇస్తామని, ప్రో కబడ్డీ దాకా తీసుకెళ్తామని చెప్పారట. కాలేజీ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారేమో నెల్లూరులోనే డిగ్రీలో చేర్చి, విక్రమ సింహపురి యూనివర్సిటీకి ఆడించమంటున్నారు. "అంత చిన్న యూనివర్సిటీకి ఆడితే ఎవరు చూస్తారు సార్? లేకపోతే ఆట మానిపించి బీటెక్‌లో వేసేయనా? ఈ మధ్య మోకాలు నొప్పి అని కూడా అంటోంది." ఇదీ ప్రశ్న.

సార్, రెండు యూనివర్సిటీలనీ పోల్చి చెప్తాను, కానీ మీ అసలు టెన్షన్ అది కాదని నాకు తెలుసు. ప్రతి ఏడాదీ ఇంటర్ ఫలితాలు రాగానే ఇలాంటి ఉత్తరాలే వస్తాయి. ఆడపిల్ల ఆటల్లో పడి, చదువూ సరిగా లేక, ఉద్యోగమూ లేక ఇంటికొచ్చి కూర్చుంటే నలుగురికీ ఏం చెప్పుకోవాలని మీ భయం. కాబట్టి ముందు దానికే సమాధానం చెప్తాను. మీ పాప చేతిలో ఇప్పటికే ఒకటి ఉంది. స్కూల్ గేమ్స్ జాతీయ పోటీల్లో రాష్ట్రం తరఫున ఆడినవాళ్లు కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో స్పోర్ట్స్ కోటాకి అర్హులు. నేరుగా తీసుకునే ఖాళీల్లో 5 శాతం దాకా ఆ కోటాలో నింపుకోవచ్చు. మన రాష్ట్రంలో కూడా కొత్త క్రీడా విధానంలో కోటాని 2 నుంచి 3 శాతానికి పెంచారు, 2025 మెగా డీఎస్సీలో ఆ 3 శాతం కింద టీచర్ పోస్టులు ఇచ్చారు. అర్హత ఉంటే ఉద్యోగం వచ్చినట్టేనని నేను అనను, పోటీ గట్టిగా ఉంటుంది. కానీ "ఆటతో ఏమొస్తుంది" అని ఇంట్లో పాప ముందు అనకండి, దయచేసి.

ఇక చిన్న యూనివర్సిటీ సంగతి. సింహపురి 2008లో పెట్టిన యూనివర్సిటీ, క్యాంపస్ కాకుటూరులో. మీ పాప చేరేది క్యాంపస్‌లో కాదు, నెల్లూరులో దాని కింద ఉన్న డిగ్రీ కాలేజీలో, ఉదాహరణకి డీకే మహిళా కాలేజీ. కాలేజీల మధ్య పోటీలు పెట్టి, అక్కడ బాగా ఆడినవాళ్లతో యూనివర్సిటీ జట్టు కట్టి, సౌత్ జోన్ అంతర్ విశ్వవిద్యాలయ పోటీలకి పంపుతారు. జోన్‌లో పైకి వస్తే అఖిల భారత పోటీలు, అక్కడ రాణిస్తే ఖేలో ఇండియా యూనివర్సిటీ గేమ్స్. పెద్ద పేరున్న ప్రైవేటు యూనివర్సిటీ అయినా సరే ఇదే మెట్లెక్కాలి, వాళ్లకి వేరే దారేం లేదు. అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో యూనివర్సిటీకి ఆడితే స్పోర్ట్స్ కోటాకి ఫారం-3 అనే సర్టిఫికెట్ ఇస్తారు, యూనివర్సిటీలో క్రీడల బాధ్యత చూసే అధికారి సంతకం చేస్తారు. ఆ ఫారం మీద కాకుటూరు అని ఉన్నా చెన్నై అని ఉన్నా విలువ ఒకటే. పతకం వస్తే స్కూల్ గేమ్స్ పతకం కన్నా పై వరసలో చూస్తారు.

కబడ్డీ జట్టులో 12 మంది, కోర్టులో 7 మంది. ఆటగాళ్లని ఏరి తెచ్చుకునే పెద్ద యూనివర్సిటీలో అదే ఆటకి హర్యానా నుంచి, తమిళనాడు నుంచి ఎంతమంది అమ్మాయిలు వస్తారో ఆలోచించండి. మీకు నేను చెప్పాలా, గుంటలో రొయ్య పిల్లల్ని (సీడ్) లెక్కకి మించి వదిలితే సైజు రాదు. నెల్లూరులో మీ పాపకి మొదటి ఏడాదే కోర్టులో దిగే అవకాశం ఉంది. లోట్లు కూడా ఉంటాయి, దాచను. చిన్న యూనివర్సిటీల్లో కోచింగ్ క్యాంపు కొద్ది రోజులే ఉంటుంది, చాలాచోట్ల ఒక్క పీడీయే అన్ని ఆటలూ చూసుకుంటారు, మట్టి కోర్టులో ప్రాక్టీసు చేసి పోటీల్లో మ్యాట్ మీద ఆడాల్సి వస్తుంది. కాలేజీకి వెళ్లినప్పుడు మ్యాట్ ఎక్కడ దొరుకుతుందో అడగండి.

"ఎవరు చూస్తారు" అన్నారు కదా. జ్యోతి యర్రాజీ 2020 జనవరిలో మూడబిద్రిలో అఖిల భారత అంతర్ విశ్వవిద్యాలయ పోటీల్లో 100 మీటర్ల హర్డిల్స్ 13.03 సెకన్లలో పూర్తి చేసినప్పుడు ఆడింది మన గుంటూరు దగ్గరి ఆచార్య నాగార్జున యూనివర్సిటీకే. అప్పటి జాతీయ రికార్డు కన్నా అది మెరుగు, కానీ డోప్ పరీక్ష జరగలేదని రికార్డుగా ఒప్పుకోలేదు. ఆమె ఆగలేదు, 2022లో రికార్డు కొట్టింది, 2023లో ఆసియా క్రీడల్లో రజతం, 2024లో పారిస్ ఒలింపిక్స్. అందరూ జ్యోతి కాలేరు. నేను చెప్పేదల్లా, ఎంత బాగా ఆడినా కాగితం సరిగా లేకపోతే లెక్కలోకి రాదు, కాబట్టి ప్రతి పోటీ సర్టిఫికెట్టూ అప్పటికప్పుడు తీసుకుని ఫైల్లో పెట్టే పని మీది.

చెన్నై ఫోన్ గురించి నాకు చాలా అనుమానాలున్నాయి. మొదటిది, ప్రో కబడ్డీ 2014 నుంచీ మగవాళ్ల లీగే. అమ్మాయిలకి ఆ లీగ్ వాళ్లు 2016లో మూడు జట్లతో చిన్న పోటీ ఒకటి పెట్టారు, అంతే. ఈ మాట మీకు చెప్పకుండా సీటు అమ్మినవాళ్లు ఇంకేం చెప్పలేదో అడగాలి. రెండోది ఫ్రీ సీటు. ఫ్రీ అన్నది ట్యూషన్ ఫీజుకేనా, హాస్టల్, మెస్, పరీక్ష ఫీజులు కూడా కలిపా? చాలాచోట్ల రాయితీ ఏటా ఆట చూసి పొడిగిస్తారు. కావలి వైపు నుంచి ఒక వాలీబాల్ పిల్లాడు ఇలాగే వెళ్లాడు, రెండో ఏడాది భుజం దెబ్బతింది, రాయితీ తీసేశారు, బాకీ కడితేగానీ టీసీ ఇవ్వమన్నారు, వాళ్ల నాన్న అప్పు చేసి తెచ్చుకున్నాడు. మీ పాపకి ఇప్పటికే మోకాలు నొప్పి, ఆడేదేమో కబడ్డీ. మూడోది ఆ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ కోర్సు. పేరు బాగుంటుంది. టోర్నమెంట్లు నడపడం, స్పాన్సర్లని తేవడం లాంటి పనులకి పనికొచ్చే చదువు, ఆ ఉద్యోగాలు ఎక్కువగా పెద్ద నగరాల్లో, పరిచయాల మీద దొరుకుతాయి. ఆటలో ఉంటూనే బతకాలనుకునే పిల్లకి మామూలు డిగ్రీ చేసి, పీఈసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల బీపీఈడీ, అంటే వ్యాయామ టీచర్ కోర్సు, చేయడం నయం, లేకపోతే పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఎన్‌ఐఎస్ కోచింగ్ డిప్లొమా. స్కూల్లో పీఈటీ ఉద్యోగం మీకు చిన్నగా కనిపిస్తుందేమో, నాకు కనిపించదు.

ఇప్పుడు మీకు కొంచెం కటువుగానే చెప్పాలి. ఇంత పొడుగు ఉత్తరంలో ఫీజులు రాశారు, చుట్టాల మాటలు రాశారు, పాప రైడరో డిఫెండరో రాయలేదు. ఆమె ఏం కావాలంటోందో ఒక్క ముక్క లేదు. జాతీయ పోటీల దాకా వెళ్లిన పిల్ల ఆట ఒక్కసారైనా కూర్చుని చూశారా? బీటెక్‌లో "వేసేయడం" అన్నారు, ఆమె ఎంపీసీ చదివిందో లేదో కూడా చెప్పకుండా. ఒకవేళ ఆమెకే ఇంజనీరింగ్ ఇష్టమైతే నాకే అభ్యంతరమూ లేదు, ఆట మానాల్సిన పనీ లేదు, అప్పుడు నెల్లూరు కాలేజీలో చేరినా జేఎన్‌టీయూ అనంతపురం జట్టుకి ఆడుతుంది. దూరవిద్యలో మాత్రం చేర్చకండి, రెగ్యులర్ విద్యార్థులకే ఈ పోటీలు.

భయపడకండి సార్, మీ పాప దారి తప్పలేదు. మీ ఇంటికి గంట దూరంలో చదువుకుంటూ, ఆడుకుంటూ డిగ్రీ పూర్తయ్యేసరికి చేతిలో ఒక పట్టా, ఒక ఫారం-3 ఉండే అవకాశం బాగా ఉంది. నా ఓటు నెల్లూరుకే. అయినా చెన్నై వైపే మనసు లాగుతుంటే, గాయమైతే రాయితీ ఉంటుందా, మధ్యలో మానేస్తే ఒరిజినల్ సర్టిఫికెట్లు ఏ షరతూ లేకుండా ఇస్తారా, ఈ రెండూ లెటర్‌హెడ్ మీద రాసిమ్మనండి. ఫోన్లో చెప్పింది లెక్క కాదు. ఎక్కడ చేర్చినా ముందు ఈ వారమే నెల్లూరులో ఎముకల డాక్టర్‌కి ఆ మోకాలు చూపించండి, ఆయన సరే అనేదాకా సెలక్షన్స్‌కి పంపకండి.