నామినీలో ‘నామం’, వీలునామాలో ‘వీలు’

సందేహం: ఇంట్లో బీమా కాగితాలు, బ్యాంకు ఫారాలు తెలుగులో నింపుతుంటే కొన్ని మాటల దగ్గర ఆగిపోయాను. నామినీ అనేది సంస్కృత ‘నామ’ నుంచి వచ్చిందా? దానికి బదులు ‘వారసుడు’ అని రాయొచ్చా? వీలునామాలోని వీలు, ‘వీలు చూసుకుని రండి’లోని వీలు ఒకటేనా? ‘బీమా’ అనాలా, ‘భీమా’ అనాలా? – ఒక పాఠకురాలు

సమాధానం: నామినీకి బదులు వారసుడు అని మాత్రం రాయకండి. మిగతా మూడింట్లో పొరపాటు జరిగితే భాష తప్పుతుంది, అంతే. ఇక్కడ పొరపాటు జరిగితే ఇంట్లోవాళ్ల మధ్య గొడవలొస్తాయి.

వారసుడు అరబ్బీ ‘వారిస్’కి మన ‘ఉడు’ చేరి తయారైన మాట. చట్టం వల్లనో వీలునామా వల్లనో ఆస్తి మీద హక్కు సంక్రమించినవాడని దాని అర్థం. నామినీ సంగతి వేరు. నేను పోయాక ఈ సొమ్ము ఫలానా వ్యక్తి చేతికి ఇవ్వండి అని బ్యాంకుకో బీమా సంస్థకో ముందే చెప్పి ఉంచిన పేరు అది. చేతికి అందుకోవడం వేరు, సొంతం చేసుకోవడం వేరు. మన దేశంలో 1983లో సుప్రీంకోర్టు జీవిత బీమా విషయంలో ఈ తేడానే చెప్పింది: నామినీ సొమ్ము పుచ్చుకుంటాడు, హక్కు మాత్రం వారసులది. 2015లో బీమా చట్టాన్ని సవరించి, తల్లిదండ్రుల్నో జీవిత భాగస్వామినో పిల్లల్నో నామినీగా పెడితే ఆ సొమ్ము మీద హక్కు కూడా వాళ్లదేనన్నారు. షేర్ల దగ్గరికొచ్చేసరికి మళ్లీ, నామినీ యజమాని కాడని 2023లో సుప్రీంకోర్టు తీర్పు. అంటే నామినీకి ఒకచోట హక్కు ఉంటుంది, ఇంకోచోట ఉండదు. ఇంత తేడా ఉన్న మాటని ఒక్క ‘వారసుడు’తో సరిపెడితే, ఫారం నింపిన మనిషి తన ఆస్తి పంపకం అయిపోయిందనుకుని నిశ్చింతగా ఉండిపోతాడు, వీలునామా రాయాలన్న ఆలోచనే రాదు.

‘లబ్ధిదారు’ అనొచ్చా అని కూడా కొందరు అడుగుతుంటారు. చాలా దేశాల బీమా పత్రాల్లో బెనిఫిషియరీ అని ఉంటుంది, సొమ్ము దక్కాల్సిన మనిషే అతను, అక్కడ లబ్ధిదారు సరిగ్గా సరిపోతుంది. నామినీకి అది సరిపోదు. నామనిర్దేశితుడు అని అచ్చులో కనిపిస్తుంది, అర్థం సరైనదే, కానీ నోరు తిరగదు. నన్నడిగితే నామినీనే ఉంచేయమంటాను, అందరికీ తెలిసిన మాట.

ఇక దానిలో ‘నామ’ సంగతి. మీరు అనుకున్నది పూర్తిగా తప్పు కాదు. నామినీ ఇంగ్లీషు మాటే, దాని మూలం లాటిన్‌లో పేరు అని అర్థమిచ్చే ‘నోమెన్’. ఈ నోమెన్, సంస్కృత ‘నామన్’ అక్కాచెల్లెళ్లు, ఒక దాన్నుంచి ఇంకొకటి పుట్టలేదు, రెండూ ఒకే పాత మూలం నుంచి చీలాయి. కాబట్టి చుట్టరికం నిజం, మన వైపు నుంచి వెళ్లిందనడం నిజం కాదు. చివరి ‘ఈ’ స్త్రీలింగ గుర్తు కూడా కాదండీ. భామిని, కామిని వరసలో చేర్చి మగవాళ్లకు ‘నామినుడు’ అని రాసినవాళ్లున్నారు! ట్రస్టీ, ఎంప్లాయీల్లో ఉన్న ‘ఈ’నే ఇది, ఆడామగా ఇద్దరికీ ఒకటే.

వీలునామాలో వీలు మన ‘వీలు’ కాదు. ఇంగ్లీషు ‘విల్’కి పారసీ ‘నామా’ తగిలించారు. నామా అంటే ఇక్కడ పేరు కాదు, పత్రం. రాజీనామాలో ఉన్నదీ ఇదే, చిరునామాలో ఉన్నదీ ఇదే. (చిరునామాలో ‘చిరు’ చిన్నదనే అర్థంలో రాలేదు, పారసీ ‘సర్’, అంటే తల. ఉత్తరం తల మీద రాసేది కాబట్టి ఆ పేరు.) వీలునామాకి ‘మరణశాసనం’ అనే మాట కూడా ఉండేది, ఇప్పుడు దాన్ని పత్రికల శీర్షికలు చావుతీర్పు అనే అర్థానికి లాగేశాయి కనుక ఇంట్లో పెద్దవాళ్ల ముందు వాడకపోవడమే మేలు.

వీలునామా కన్నా నన్ను ఎక్కువ కలవరపెట్టేది ‘రాసిచ్చాడు’ అనే మాట. ‘ఇల్లు కూతురి పేర రాసిచ్చాడు’ అంటాం. ఏం రాసిచ్చాడు? దానపత్రమైతే హక్కు ఆయన బతికుండగానే చేతులు మారుతుంది, వెనక్కి తీసుకోవడం మాటలు కాదు. వీలునామా అయితే ఆయన పోయేదాకా ఇల్లు ఆయనదే, మనసు మారితే ఇంకోటి రాసుకోవచ్చు, చివరగా రాసిందే చెల్లుతుంది. ఇంత దూరం ఉన్న రెండు పనుల్ని మన నోటి వాడుక ఒక్క క్రియలో కలిపేసింది. మాట్లాడేటప్పుడు సరే, కాగితం మీద మాత్రం దానంగా ఇచ్చాడా, వీలునామా రాశాడా అన్నది విడదీసి చెప్పాల్సిందే.

మీరు అడగలేదు గానీ, ఇదే కోవలో ‘వడ్డీ’ ఉంది. సంస్కృత ‘వృద్ధి’ ప్రాకృతం మీదుగా వడ్డిగా మారింది, మనుస్మృతిలోని ‘చక్రవృద్ధి’ మన చక్రవడ్డీ. పుట్టుకలో పెరుగుదల అనే అర్థం ఉన్నా, ఈనాటి వాడుకలో వడ్డీ అంటే ముందే ఒప్పుకున్న రేటు ప్రకారం అప్పు మీద వచ్చేది. అందుకే ‘మ్యూచువల్ ఫండులో ఎంత వడ్డీ వస్తుంది’ అన్న ప్రశ్నే తప్పు దారి పట్టిస్తుంది. అక్కడ ఇంత ఇస్తామన్న మాట ఎవరూ ఇవ్వరు, అసలు కూడా తగ్గొచ్చు. దాన్ని రాబడి అనండి. పొదుపు, మదుపు ప్రాస కలిశాయని ఒకటే అనుకోకూడదు: ఖర్చు పెట్టకుండా మిగిల్చింది పొదుపు, అలా మిగిలినదాన్ని పెరగడానికి పెట్టింది మదుపు.

‘పరిహారం’ కూడా చూసి వాడాల్సిన మాట. బండికో ఇంటికో జరిగిన నష్టాన్ని లెక్కగట్టి ఇచ్చేది పరిహారం. జీవిత బీమాలో మనిషి పోతే ఇచ్చే సొమ్ము నష్టాన్ని కొలిచి ఇచ్చేది కాదు, పాలసీ తీసుకున్న రోజే ఒప్పుకున్న మొత్తం. కాబట్టి అక్కడ బీమా సొమ్ము అంటే చాలు.

చివరి ప్రశ్నకి జవాబు చిన్నదే. బీమా పారసీ మాట, ఒత్తు లేదు. భీముడితో దానికి ఏ సంబంధమూ లేదు, ‘జీవిత భీమా’ అని ఎన్ని బోర్డుల మీద కనిపించినా మీరు ‘జీవిత బీమా’ అనే రాయండి.