అతుకుల దగ్గర ఆగు

అమ్మాయికి,

ఆశీస్సులు.

చార్మినార్ హెరిటేజ్ వాక్ మీద నువ్వు పంపిన వ్యాసం నిదానంగా చదివాను. తారీఖుల్లో ఒక్క తప్పు లేదు. కానీ చదవడం అయ్యాక నువ్వు అక్కడికి వెళ్లొచ్చావన్న నమ్మకం కలగలేదు. ఆ వ్యాసం ఇంట్లో కూర్చుని కూడా రాయొచ్చు. పొద్దున్నే లేచి పాతబస్తీ దాకా పోయి, గైడ్ వెంట గల్లీగల్లీ తిరిగిన మనిషి రాయాల్సింది అది కాదు.

"1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా చార్మినార్ కట్టించాడు" అని రాసి, వెంటనే మక్కా మసీదుకి వెళ్లిపోయావు. గైడ్ అలాగే చెప్తాడు, చెప్పాలి కూడా. ఎండ ముదరకముందే అంతమందిని చౌమహల్లా ప్యాలెస్ దాకా చేర్చాల్సిన మనిషి ఆయన. నీకు ఆ తొందర లేదు. ఏ కట్టడమూ కట్టిన ఏడాది దగ్గరే ఆగిపోదమ్మా. చార్మినార్ మీద గడియారాలు చూశావు కదా, అవి 1889లో పెట్టినవి. ఆరో నిజాం కాలం. 2019లో ఒక మినార్ నుంచి గచ్చు పెచ్చు ఊడిపడితే పురావస్తు శాఖ వాళ్లు బాగుచేశారు. అది మన కాలం. ఇన్ని కాలాలు ఒక్క కట్టడం మీదే ఉన్నాయి. ఒక కాలం ఎక్కడ అయిపోయింది, ఇంకోటి ఎక్కడ మొదలైంది అన్న అతుకు కోసం వెతుకు. నువ్వు రాయాల్సింది అక్కడ దొరుకుతుంది.

మక్కా మసీదు సంగతే చూడు. 1617లో మహమ్మద్ కుతుబ్ షా మొదలుపెట్టాడు. 1694లో ఔరంగజేబు పూర్తి చేయించాడు. మధ్యలో 1687లో గోల్కొండే పడిపోయింది. రాజ్యాన్ని గెలుచుకున్నవాడు, ఓడిపోయిన వంశం సగంలో వదిలిన మసీదుని పూర్తి చేయించాడన్నమాట. ఇంత పెద్ద విషయాన్ని నువ్వు రెండు అంకెలుగా బ్రాకెట్లో పెట్టి వదిలేశావు. చదివేవాడికి అక్కడ మనుషులు కనపడాలి కదా.

నాకు అన్నిటికన్నా బాధ కలిగించింది కుతుబ్ షాహీల నాటి పీర్ల చావిడి, బాద్షాహీ ఆశూర్ఖానా గురించి నువ్వు ఒకే ఒక్క వాక్యం రాయడం. "రంగురంగుల టైల్స్‌తో ఎంతో అందంగా ఉంది" అన్నావు. ఈసారి వెళ్లినప్పుడు ఆ గోడకి దగ్గరగా నిలబడు. ముందు పైభాగం చూడు. అవి 1611 నాటి ఎనామిల్ టైల్స్. పసుపు, నీలం, ఆకుపచ్చ ముక్కలు ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉంటాయి, వెలుతురు పడితే నిగనిగలాడతాయి. ఇప్పుడు కళ్లు కిందికి దించు. డిజైన్ అదే, రంగులూ దాదాపు అవే, కానీ ఆ నిగనిగ ఉండదు. ఎందుకంటే అక్కడున్నవి టైల్స్ కావు, టైల్స్‌లా వేసిన రంగులు. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు నీళ్లు ఈ గోడల్ని ముంచేశాయి. పాడైపోయిన కింది భాగాన్ని తర్వాత రంగులతో నింపారు. ఊళ్లో వేలమందిని పొట్టన పెట్టుకున్న వరద అది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెప్పుకుంటారు. ఆ వరద ఎంతెత్తు వచ్చిందో చెప్పే గుర్తు ఈ గోడ మీదే ఉంటే, దాని పక్కన నిలబడి "ఎంతో అందంగా ఉంది" అని ఎలా రాయబుద్ధి వేసింది?

ఆ గోడ దగ్గర ఆగి ఉంటే తర్వాత దారి కూడా వేరేగా కనిపించేది. పత్తర్‌గట్టిలో వరసగా నిలబడ్డ ఆ రాతి కమాన్ల దుకాణాలు వరద తర్వాత కట్టినవే. నగరాన్ని మళ్లీ తీర్చిదిద్దడానికి 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు పెట్టారు. ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ జలాశయాలు కట్టింది కూడా మూసీని అదుపులో పెట్టడానికే. నువ్వు వీటన్నిటినీ విడివిడి పేరాల్లో పేర్చావు. అన్నిటి వెనకా ఉన్నది ఒకే వరద.

ఇక గైడ్ చెప్పే కథలు. చార్మినార్‌ని కులీ తన ప్రేయసి భాగమతి కోసం కట్టాడంటారు, ప్లేగు తగ్గినందుకు కట్టాడంటారు, హిజ్రీ, అంటే ముస్లింల పంచాంగం, వెయ్యో ఏడాదికి గుర్తుగా కట్టాడంటారు. లోపలి నుంచి గోల్కొండకి సొరంగం ఉందని కూడా అంటారు. వాటిని వదిలేయకు, జనం నాలుగు వందల ఏళ్లుగా చెప్పుకుంటున్న మాటలు అవి. కానీ "అంటారు" అన్న మాట లేకుండా ఒక్కటి కూడా రాయొద్దు. భాగమతి ఉందా లేదా అన్న దాని మీద చరిత్రకారులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. హిజ్రీ వెయ్యో ఏడాది మాత్రం 1591లోనే మొదలైంది, లెక్క చూసుకోవచ్చు. ఏది రుజువైంది, ఏది నమ్మకం అన్నది పాఠకుడికి తెలిసేలా రాయడం మన బాధ్యత. పాతబస్తీ గురించి రాసేటప్పుడు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి, ఎందుకంటే ఇక్కడ తేలిగ్గా అనేసిన మాట ఎవరో ఒకరి మనసుకి తగులుతుంది.

లాడ్ బజార్లో గాజుల ఫోటోలు చాలా తీశావు. షాపుల వెనక గాజులు చేసే చోటు ఎక్కడుందో అడిగి వెళ్లు. బొగ్గుల సెగ మీద లక్క మెత్తబడుతుంది, దాన్ని సన్నగా సాగదీసి గుండ్రంగా వంచుతారు, వేడి ఆరకముందే ఒక్కో రాయీ అద్దుతారు. కాసేపు కూర్చుని చూడు. చేస్తున్నావిడని పని మధ్యలో ప్రశ్నలతో విసిగించకు, ఆవిడకి ఎన్ని గాజులైతే అంత కూలి. చేయి ఖాళీ అయ్యాక మాట్లాడితే ఆవిడే చెప్తుంది.

చౌమహల్లా గురించి రాసింది బాగానే ఉంది, దాన్ని ముట్టుకోకు.

మళ్లీ వెళ్లు, ఈసారి వాక్‌తో వద్దు, ఒక్కదానివే వెళ్లు. గైడ్ చూపించిన దారి ఇప్పుడు నీకు తెలుసు కాబట్టి నచ్చిన చోట ఎంతసేపైనా ఆగొచ్చు. ఫోన్ బ్యాగులో పెట్టేయి, చిన్న నోట్‌బుక్ పట్టుకెళ్లు. ఆశూర్ఖానాలో చెప్పులు బయట విడిచి, అడిగాకే లోపలికి అడుగు పెట్టు. మన ఊళ్లలో పీర్ల చావిడికి ఎంత మర్యాద ఇస్తామో అక్కడా అంతే. మొహర్రం మొదటి పది రోజులు మాత్రం రాసుకోవడానికి వెళ్లకు, అవి వాళ్లు దుఃఖంలో ఉండే రోజులు. మిగతా రోజుల్లో అక్కడి పెద్దవాళ్లు ఓపిగ్గా మాట్లాడతారు. ముందున్న చెక్క స్తంభాల హాలు ఆసఫ్ జాహీల, అంటే నిజాంల కాలంలో చేర్చింది, దాని గురించి కూడా వాళ్లని అడుగు. తర్వాత ఆ ఒక్క కట్టడం మీద రెండు పేజీలు రాసి పంపు, చదివి జవాబు రాస్తాను.

ఉంటాను,
మీ మాస్టారు